బయటికి దారి లేని గని

టీవీలో వచ్చిన అంతరిక్ష సీరియల్‌ను మా యమున కంప్యూటర్ ఆటగా మారుస్తోంది. అందులో వేరే గ్రహం మీద ఒక గని ఉంది. నేను గనిలో పనిచేసిన వాణ్ని గనుక, ఆ రాత్రి ఆడి చూడమంది.

గనిలో మేం చేసినట్టే, కప్పు గట్టిగా ఉందో లేదో చూడటానికి ముందు తెర మీది కర్రతో పైకప్పును మూడుసార్లు తట్టాను. బండ అవతల నుంచి మూడు దెబ్బలు తిరిగి వినిపించాయి.

"మంచిగ పెట్టినవ్ బిడ్డా," అన్నాను.

యమున ముఖం పాలిపోయింది. "నేను పెట్టలే బాపూ. సీరియల్ల గూడ లేదు."

మళ్లీ తట్టాను. మూడు దెబ్బలు వచ్చాయి, కాస్త ఆగి ఇంకొకటి. ఆ నాలుగోది, గనిని కాచే మైసమ్మకని తట్టేది నా తమ్ముడు సదానందం ఒక్కడే. ఏళ్ల కిందట మా గని కప్పు కూలినప్పుడు వాడి శవం కూడా మాకు దక్కలేదు.

"మీ చిన్నాయినను బయటికి తియ్యి!" అన్నాను.

"ఎట్ల బాపూ? సీరియల్ల ఎవరూ బయటికి రారు. గందుకే దారి గియ్యలే."

"ఇప్పుడు గియ్యి, జల్ది!"

యమున గీయసాగింది. తల్లీ మైసమ్మా, ఇన్నేళ్ల మొక్కులకు ఇదేనా నీ జవాబు?

"జెర ఆగు తమ్మీ, దారి వస్తది," అని తెరకు నోరానించి అరిచాను.

లోపలి దెబ్బలు మెల్లబడ్డాయి. దారి గీత ఇంకా సగం కూడా కాలేదు.