ఇంకో గది

“మామయ్యా, మీకు క్రిస్మస్ బహుమతి,” కోడలు ముసలాయన చెవి దగ్గర అరిచింది.

ఆయన పాత కేలండర్ కాగితం విప్పాడు. లోపల చెవి మిషన్‌కి కొత్త బ్యాటరీ. జాకెట్టు కుట్టించుకోవడం మానేసి ఆమె కొన్నది.

“అయిపోయిందన్నాను గానీ కొనమన్నానా తల్లీ? నీ మొగుడి గురక వినపడక ప్రాణం హాయిగా ఉంది.”

“వారం నుంచీ ఒక్క మాటా వినపడక అలా కూర్చున్నారు. పండగపూటైనా పాటలు వినరూ? ఇలా ఇవ్వండి.”

ఆయన వద్దంటున్నా చెవిలోంచి మిషన్ తీసింది. గుప్పిట్లోకి తీసుకోగానే అది కుయ్యిమంది.

కిటికీకి అట్టముక్క నక్షత్రం కడుతున్న కొడుకు వెనక్కి తిరిగాడు. “బ్యాటరీ అయిపోతే కూయదు కదా.”

ఆమె ముసలాయన మొహంలోకి చూసింది. ఆయన మెల్లగా మిషన్ తీసుకుని మళ్లీ చెవిలో పెట్టుకున్నాడు.

“నన్ను చూసి ఇద్దరూ మాట మింగేసేవారు. మీరు మాట్లాడుకోవడానికి ఇంకో గది లేదు కదమ్మా. అందుకే అలా చెప్పాను.”

వారమంతా ఆయన ఎదురుగానే ఏమేం అనుకున్నారో ఆమెకి ఒక్కొక్కటే గుర్తొచ్చింది. కొడుకు చేతిలో నక్షత్రం అలాగే ఉండిపోయింది.

ముసలాయన కొత్త బ్యాటరీని అదే కాగితంలో జాగ్రత్తగా చుట్టి జేబులో వేసుకున్నాడు.

“పండగయ్యాక నన్ను పెద్దాడింటికి పంపుతున్నారుగా. వాళ్లకి రెండు గదులు. అక్కడ వేసుకుంటాలే.”