ఊదా రంగు స్వెట్టర్

మేకప్ వేసుకుంటున్న నటులంతా ఒక్కసారిగా లేచి నిలబడ్డారు.

ఎవరో ముసలావిడ ఊదా రంగు స్వెట్టర్ వేసుకుని నేరుగా షూటింగ్ మధ్యలోకి వచ్చేసింది!

ఇటలీలో నటుల ముందుకి ఆ రంగుతో వస్తే చావుని వెంటబెట్టుకొచ్చినట్టే. లైట్లవాళ్ళు కీడు తగలకుండా గబగబా ఇనుప స్తంభాలు ముట్టుకున్నారు.

అసిస్టెంట్ డైరెక్టర్ ఫోస్కా ఆవిడకి అడ్డంగా పరిగెత్తింది. రోము నుంచి ఈ కొండపల్లెకి వచ్చిందే ఇవాళ్టి సీను కోసం. యుద్ధకాలపు నవలలోని కొట్టం తగలబడే సీను. మంట నిజం మంట. లోపల హీరోయిన్ లొరెదానా ఉంటుంది.

"మామ్మా, నిన్నెవరు రానిచ్చారు? మా కొంప ముంచడానికా ఆ రంగు?"

"రంగు గోల తర్వాత పిల్లా. ఆ కొట్టం తలుపు వేడెక్కితే బిగుసుకుపోతుంది. వెనక గడ్డి పడేసే కిటికీ ఉంది. రాళ్ళు పేర్చి మూసేశారు. ముందది తెరిపించు."

డైరెక్టర్ తుల్లియో నవల ఎత్తి ఊపాడు. "ఇందులో కిటికీ లేదు. లోపలున్నవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. మాకు తెలీదా?"

"రాసినాయన ఈ ఊరెప్పుడొచ్చాడయ్యా?"

"ఫోస్కా! ముందీ దరిద్రాన్ని పంపించెయ్!"

ఫోస్కా ఆవిడ రెక్క పట్టుకుని తాడు అవతలికి లాక్కెళ్ళి వదిలింది. తిరిగొచ్చి తనూ ఇనుము ముట్టుకుంది.

నిప్పంటించారు. కొండ మీంచి గాలి దిగింది. మంట ఒక్క ఊపున కప్పుకెక్కింది.

"కట్! కట్!"

లొరెదానా బయటికి రాలేదు. లోపల్నించి తలుపు దబదబా బాదుతోంది. నలుగురు మగాళ్ళు లాగినా తలుపు కదల్లేదు.

కాసేపటికి ఆ చప్పుడు కూడా ఆగిపోయింది.

ఫోస్కా తల బాదుకుంది. "అమ్మో, చంపేశాను! నేనే చంపేశాను!"

అంతలో కొట్టం వెనక నుంచి ఎవరో దగ్గారు.

అందరూ అటు పరిగెత్తారు. రాళ్ళు చెల్లాచెదురుగా పడున్నాయి. లొరెదానా గడ్డిలో పడి ఊపిరి కోసం కొట్టుకుంటోంది. లోపలికి దూరి ఆమెని బయటికి తోసిన ముసలావిడ మాత్రం కిటికీ అంచు మీదే వాలిపోయింది. రెండు చేతుల గోళ్ళూ ఊడిపోయి ఉన్నాయి.

మూడో రోజు చర్చి పక్క గోడకి ఒకాయన నల్ల అంచు చావు కబురు కాగితం అంటిస్తున్నాడు. దాని మీద 'దెర్నా' అని ఉంది. ఆవిడ పేరు అడగాలని కూడా తనకి తోచలేదని ఫోస్కాకి అప్పుడు తెలిసింది. సిగ్గుతో ఏడుపొచ్చింది.

"బాబాయ్, ఆ కిటికీ ఉందని ఆవిడకెలా తెలుసు?"

అతను జిగురు కుంచె దించాడు.

"యుద్ధంలో సైనికులు మావాళ్ళని ఆ కొట్టంలో వేసి నిప్పెట్టిన రోజు, అందులోంచి బతికి బయటపడ్డ ఏడేళ్ళ పిల్ల ఆవిడేనమ్మా."