రెండుసార్లు మోగాలి

ఆ గుంటూరు లాయరుగారి ఆఫీసులో పనివేళలు లేవు. ఆయన బల్లమీది బెల్లు ఒకసారి మోగితే లోపలికి వెళ్ళాలి, రెండుసార్లు మోగితే ఇంటికి పోవచ్చు. మోగకముందే పోయినవాళ్ళకు మర్నాడు ఉద్యోగం ఉండేది కాదు.

"అయ్యగారు సింగరాయకొండ వెళ్ళారు. ఇవాళ మనకు స్వరాజ్యమేనమ్మా, బెల్లు కోసం కూర్చోకు," అని నవ్వి, ఆయన గదికి తాళం వేసి గుమాస్తా త్యాగరాజుగారు వెళ్ళిపోయారు.

టైపిస్టు హారిక మిషనుకు గుడ్డ కప్పి, సంచి అందుకుంది. నల్లపాడు ఆఖరి బస్సుకు వేళయింది.

తాళం వేసిన గదిలో బెల్లు మోగింది. ఒక్కసారే.

ఆమె కాళ్ళు గుమ్మం దగ్గరే ఆగిపోయాయి.

"సార్, ఇంకొక్కసారి కొట్టండి," అంది ఆ గదివైపు తిరిగి. "బస్సు పోతుందండీ."

వీధిలో బస్సు హారన్ కొట్టి వెళ్ళిపోయింది. అప్పుడు లోపల, తీరిగ్గా, కుర్చీ వెనక్కి జరిగింది.