ఏడు కిలోల మనవడు

మనవడి బరువు ఆరొందల గ్రాములు పెంచడానికి వెంకాయమ్మకు మిగిలింది రెండే రోజులు. పాలు పట్టి సాధించే పని కాదని తేలిపోయింది. అందుకే శుక్రవారం పొద్దున్నే గూడూరులో బస్సెక్కి, బందరులో దిగి, తిన్నగా డైపర్లమ్మే షాపుకు నడిచింది.

అయిదు నెలల మనవడు మార్కు ఆరు కిలోల నాలుగొందలు తూగుతాడు. ఆరోగ్యంగా ఉన్నాడని డాక్టరే చెప్పాడు. కానీ నాగాయలంక వియ్యపురాలు భాగ్యమ్మ దగ్గర డాక్టర్ల మాటలు చెల్లవు. ఆవిడకు రొయ్యల కాటా ఉంది. రైతులు చెరువుల నుంచి తెచ్చిన సరుకు ముప్పయ్యేళ్లుగా తన చేత్తోనే తూస్తోంది. నమ్మితే కాటాను నమ్ముతుంది గానీ మనిషిని నమ్మదు.

"ఆదివారం వస్తున్నాం వదినగారూ. కాటా కూడా తెస్తున్నాం. పిల్లాడి బరువు చూశాకే తీసుకెళ్లే సంగతి" అని ఫోన్లో చెప్పేసింది. అయిదో నెలకు ఏడు కిలోలు ఉండి తీరాలని వియ్యంకుడు కృపానందం పట్టుబడుతున్నాడని కూతురు ప్రియ కూడా చెప్పింది.

ఇంక వేరే చెప్పాలా? రొయ్యల కాటా దగ్గర తూకం తగ్గిన సరుకు వచ్చిన దారినే వెనక్కి పోతుంది. మనవడి గతీ అంతేనని వెంకాయమ్మకు అర్థమైపోయింది.

అదే జరిగితే ఆమె కొంప మునిగినట్టే. కూతురి పురుడని టైలరింగు షాపు మూసి ఆరు నెలలైంది. క్రిస్మస్ గౌన్లు కుట్టించుకునే వాళ్లు అప్పుడే ఎదుటి వీధి కొండమ్మ దగ్గర కొలతలు ఇచ్చేస్తున్నారు. ఈ డిసెంబరు కూడా చేజారితే ఇక మిషను అమ్ముకోవడమే. మనవడంటే ఆమెకు ప్రాణం. కాకపోతే ఆ ప్రాణం కొన్నాళ్లు నాగాయలంకలో ఉంటే బాగుండునని గట్టిగా అనిపిస్తోంది.

నిన్నటిదాకా డైపరు పేరెత్తితే ఒంటికాలి మీద లేచిన మనిషి. పాత పంచె గుడ్డకు మించింది లేదని ప్రియతో రోజూ వాదించిన మనిషి. ఇవాళ నాలుగు రకాలు ఒక్కొక్కటి విడిగా కొని, కౌంటర్ మీద పరిచి, సంచిలోంచి పాలసీసా తీసి నీళ్లు కొలిచి పోయడం మొదలుపెట్టింది.

మొదటిది మూడొందల మిల్లీలకే చేతులెత్తేసింది. రెండోది తాగింది గానీ తొడల దగ్గర కారిపోయింది. మూడోదానికి బుగ్గ ఆనించి చూసి, చెమ్మ తగలగానే పక్కన పడేసింది. నాలుగోది మాత్రం ఏడొందలు తాగి, పైన పొడిగా, ఏమీ ఎరగనట్టు కూర్చుంది.

అప్పటికే షాపులో ఆడవాళ్లు చుట్టూ మూగారు.

"ఏది మంచిదండీ పిన్నిగారూ?" అని ఒక బాలింత అడిగింది.

"ఎంత పోసినా బయటపడనిదే మంచిదమ్మా" అంది వెంకాయమ్మ.

షాపాయన మురిసిపోయాడు. "మనవడి కోసం ఇంత శ్రద్ధ పెట్టే అమ్మమ్మని ఇన్నేళ్లలో చూళ్లేదండీ" అంటూ ఒక పౌడరు డబ్బా ఊరికే ఇచ్చాడు. మోసానికి ఇంత మర్యాదగా సామాను సమకూరడం అరుదు.

శనివారమంతా ఆమె మిషను ముందు కూర్చుని, ఉబ్బు కనపడకుండా కుచ్చులు పెట్టి ఒక వదులు లాగు కుట్టింది. ఆరు నెలల తర్వాత కుట్టిన మొదటి బట్ట అదే.

ఆదివారం ఆరాధన ముగిసిన గంటకు వియ్యాలవారి కారు వచ్చి ఆగింది. వెంకాయమ్మ గబగబా వంటింట్లోకి వెళ్లి నీళ్లు గోరువెచ్చగా కాచింది. చన్నీళ్లయితే పిల్లాడికి జలుబు చేస్తుంది. ఎంత మోసం చేస్తున్నా అమ్మమ్మ అమ్మమ్మే కదా. ఆరొందల యాభై మిల్లీలు కొలిచి డైపర్లో పోసి, వాడికి తొడిగి, పైన లాగు ఎక్కించింది. మార్కు బోసినోటితో నవ్వాడు.

ఎత్తుకోబోయిన ప్రియ ఆగిపోయింది. "అమ్మా, డైపరు బరువుగా ఉందేంటి? ఇలా ఇవ్వు, మార్చేస్తాను."

"ఇప్పుడే కదే వేశాను! డైపర్లేమన్నా చెట్లకు కాస్తున్నాయా?" అని కసిరి, మనవణ్ణి తీసుకెళ్లి భాగ్యమ్మ చేతుల్లో పెట్టేసింది.

భాగ్యమ్మ మనవణ్ణి ఎత్తుకుని ఒక్క క్షణం ఆగింది. తర్వాత వాణ్ణి కాటా మీద ట్రేలో పడుకోబెట్టింది.

ఏడు కిలోల యాభై గ్రాములు.

"మీ చేతిలో ఏం మహిమ ఉందో గానీ వదినగారూ, పిల్లాడు గుండులా ఉన్నాడండీ!" అంది భాగ్యమ్మ. "ఇంత బాగా పెరుగుతున్నవాణ్ణి ఇప్పుడు కదిలించడం తప్పు. మొదటి పుట్టినరోజు దాకా మీ దగ్గరే ఉండనివ్వండి."

"అంతేలే" అన్నాడు కృపానందం, ఎందుకో కాస్త దిగులుగా.

వెంకాయమ్మ నిలువునా ఇరుక్కుపోయింది. వాడు ఇంకా అంత బరువు లేడని చెబుదామంటే, నీళ్లు పోసింది తనే. క్రిస్మస్ గౌన్లన్నీ కొండమ్మ షాపు గుమ్మానికి వేలాడుతున్నట్టు కళ్లకు కట్టింది.

భోజనాలయ్యాక తువ్వాలు పట్టుకుని పెరట్లోకి వెళ్లింది. కుళాయి దగ్గర భాగ్యమ్మ అటు తిరిగి, చెల్లెలు రోజాతో ఫోన్లో గుసగుసగా మాట్లాడుతోంది.

"ఎత్తుకోగానే తెలిసిందే రోజా, అరకిలో పైన నీళ్లేనని. ఈ రొయ్యల సీజన్లో చంటిపిల్లాణ్ణి చూసుకోవడం నా వల్లవుతుందా? అందుకే నోరెత్తలేదు. ఏడు కిలోలకు ఒక్క గ్రాము తగ్గినా ఇవాళే ఇంటికి తీసుకెళ్లి మనమే పెంచుదామని మీ బావగారు కార్లో పక్క కూడా వేయించి తెచ్చారు!"