ప్రశ్నార్థకాల వార్డు

అడిస్ అబాబా ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకునే యారెద్ తెర మీదికి వంగాడు. వార్డులోని రోగుల పేర్లు ఉండాల్సిన చోట తెర నిండా ప్రశ్నార్థకాలే ఉన్నాయి.

"రిజిస్ట్రేషన్ ప్రోగ్రాములో బాగానే ఉన్నాయిగా. వార్డుకి వెళ్లేసరికి ఏం పుట్టింది వీటికి?" అన్నాడు.

పక్క కుర్చీలోని బెజావిత్ కాఫీ కప్పు దించి తొంగి చూసింది. "అక్కణ్ణుంచి మన అమ్హారిక్ లిపిలో బయల్దేరుతున్నాయి. వార్డు ప్రోగ్రాముకి ఇంగ్లీషు అక్షరాలు తప్ప ఇంకోటి తెలీదు. తెలీనిదల్లా దానికి ప్రశ్నార్థకమే. రెంటినీ కలిపే ముందు పరీక్షించావా?"

"పోయిన వారమే చూశా. మా నాన్న పేరు కొట్టి, మిగతా గళ్లన్నింటిలో 'లేవు' అని నింపి పంపా. చక్కగా వెళ్లి వార్డు జాబితాలో కనబడింది."

"ఏ అక్షరాల్లో కొట్టావ్?"

"ఇంగ్లీషులో. అమ్హారిక్ కొట్టే ఓపికెవడికుంది?"

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది."

యారెద్‌కు నవ్వు రాలేదు. నాన్న ఈ ఉదయమే కాలి ఆపరేషన్ కోసం కింది వార్డులో చేరాడు. ఆయనకు పెన్సిలిన్ పడదు. ఒకసారి ఆ సూది వేస్తే ఊపిరాడక చావు దాకా వెళ్లొచ్చాడు. ఆ సంగతి రిజిస్ట్రేషన్‌లో యారెదే దగ్గరుండి రాయించాడు. పేరే పోయాక, అది ఎవరి సంగతో నర్సులకెలా తెలుస్తుంది?

మెట్లు దూకుతూ దిగాడు. వార్డు గుమ్మంలో సిస్టర్ జెనెబెచ్ ఎదురైంది.

"అక్కా, కంప్యూటర్‌ని నమ్మి ఎవరికీ మందివ్వొద్దు. పేర్లన్నీ పోయాయి."

"నీ ప్రశ్నార్థకాల్ని నమ్ముకుంటే ఈపాటికి జైల్లో ఉండేవాళ్లం. పొద్దుట్నుంచీ మంచం మంచానికీ వెళ్లి పేరూ, తండ్రి పేరూ, పడని మందులూ నోటితో అడిగాకే సూదులు వేస్తున్నాం. ఏంటిరా ఆ చెమటలు?"

యారెద్ గోడకు జారగిలబడ్డాడు. పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది.

"మా నాన్నకి పెన్సిలిన్ పడదక్కా. అస్రాత్ మెంగెషా. ఆయన్నీ అడిగారుగా?"

జెనెబెచ్ ముఖంలో నవ్వు ఆగిపోయింది.

"ఆయన్నడగలేదురా. జాబితా అడుగున ఆయన పేరొక్కటే ఇంగ్లీషులో శుభ్రంగా కనబడింది. పడని మందులు 'లేవు' అని కూడా ఉంది. పెన్సిలిన్ ఇప్పుడే వేసొస్తున్నా."