చల్లటి ఛార్జర్

ఫోన్ పెట్టేసరికి ఫ్రిజ్ ముఖం వాడిపోయింది.

ఫ్రిజ్ అంటే డిజైన్ విభాగంలో కొత్తగా చేరిన అమ్మాయి. ఛార్జర్లు వేడెక్కకుండా చూడటమే ఆమె పని. అందుకని ఆఫీసంతా కలిసి ఆ పేరు తగిలించింది.

పాత ఛార్జర్‌లో కరెంటుని ఒకవైపే పోనిచ్చే డయోడ్ ఉండేది. కరెంటు దాన్ని తోసుకుంటూ వెళ్ళాలి. ఆ తోపులాటకి పెట్టె కాలిపోయేది. ఫ్రిజ్ దాన్ని పీకేసి స్విచ్ పెట్టింది. ఆ స్విచ్ ఏ క్షణంలో తెరుచుకోవాలో, ఏ క్షణంలో మూసుకోవాలో చెప్పడానికి మిరియపు గింజంత చిప్ పెట్టింది. ఏడు నెలలు దాని చుట్టూనే తిరిగింది.

"వర్క్‌షాపు వాళ్ళు బోర్డులు వెనక్కి పంపేస్తారట సార్. పనిచేయట్లేదట."

"ఎన్ని?" అన్నాడు మేనేజరు.

"అన్నీనట."

"పెట్టెల్లో బిగించేది వాళ్ళే. రేపటికల్లా ఒప్పించు. లేదంటే నీ చిప్ అటకెక్కుతుంది, డయోడ్ కిందికి దిగుతుంది."

ఫ్రిజ్ మళ్ళీ ఫోన్ చేసింది. వర్క్‌షాపు పెద్దాయనే ఎత్తాడు.

"బిగించాక ఐదు నిమిషాలు లోడు పెట్టి, మీద చెయ్యి వేస్తామమ్మా. మీవి చలవరాయిలా ఉన్నాయి. ప్రాణం లేదు."

"చల్లగా ఉండటమే దాని గొప్ప బాబాయ్ గారూ."

"గొప్ప సంగతి తర్వాత. వేడి లేకపోతే మా దగ్గర ప్యాకింగ్ లేదు."

"పైన ఆకుపచ్చ లైటుంది కదండీ. అది వెలిగితే బతికున్నట్టే."

"లైటుతో మాకేం పని తల్లీ? పాతికేళ్ళుగా చేత్తోనే తేల్చేస్తున్నాం. ఒక్క ఫిర్యాదు లేదు. మా సంగతి మీ పాతవాళ్ళకి తెలుసు."

పక్క సీటావిడ చెవులు రిక్కించి అంతా వింది. "చలి కాచుకోవడానికేమోనే. నాలుగు దుప్పట్లు పంపు, గొడవ వదిలిపోతుంది."

ఆఫీసంతా గొల్లుమంది. ఫ్రిజ్‌కి మాత్రం ఒళ్ళు మండింది.

ఆ మంటలోనే రెండు పెద్ద బొమ్మలు అచ్చు వేయించింది. వేడిని రంగుల్లో చూపించే కెమెరాతో తీసినవి. పాత ఛార్జర్ నిప్పులా ఎర్రగా, కొత్తది ఆకాశంలా నీలంగా. ఇవి చూశాక కూడా కాదంటే ఆ మనిషికి దండం పెట్టి వచ్చేయాల్సిందే.

పొద్దున్నే బస్సెక్కింది. దారంతా చెప్పాల్సింది మనసులోనే వల్లె వేసుకుంది. డయోడ్, తోపులాట, స్విచ్, చిప్. ఎక్కడా తడబడకూడదు.

వర్క్‌షాపు తలుపు తీసే ఉంది. గడప దగ్గరే పెద్దాయన గొంతు ఎదురొచ్చింది.

"నిన్న ఫోన్లో కోప్పడిన అమ్మాయేనా? ఆ నడకే చెబుతోంది. రా తల్లీ, మావాళ్ళందరికీ కాస్త అర్థమయ్యేలా చెప్పు."

బొమ్మలు రెండూ విప్పి పట్టుకుని ఫ్రిజ్ విసురుగా లోపలికి అడుగుపెట్టింది.

ఒక్క లైటైనా వెలగని ఆ మసక గదిలో పన్నెండు మంది తలలెత్తకుండా చకచకా బోర్డులు బిగిస్తున్నారు, తలుపు పక్కన గోడకి పన్నెండు తెల్ల చేతికర్రలు వరసగా ఆనించి ఉన్నాయి.