సంఘం వంతు

పదకొండు కావస్తోంది. దీక్షా శిబిరంలో కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది. నర్సయ్యకు ఒళ్ళు మండిపోతోంది.

హైటెక్ సిటీ రోడ్డు పక్కన తెలంగాణ కోసం ఈ టెంటు వేయించింది అతనే. రిలే నిరాహార దీక్ష. రోజుకో సంఘం వాళ్ళు వచ్చి, మెడలో దండ వేయించుకుని, సాయంత్రం దాకా పస్తు కూర్చోవాలి. ఆటోవాళ్ళు కూర్చున్నారు, వకీళ్ళు కూర్చున్నారు. ఇవాళ చర్చి వాళ్ళ వంతు. కుర్చీలో మనిషి లేని రోజున టెంటు పీకేస్తామని పోలీసులు ముందే చెప్పారు. వాళ్ళ జీపు రోడ్డుకు అవతల కాచుకుని ఉంది.

పాస్టర్ దైవసహాయం నిన్న ఫోన్లో ఏమన్నాడు? "మా వంతు మేము తప్పమండి, నిశ్చింతగా ఉండండి" అన్నాడు. నర్సయ్య నిశ్చింతగా నిద్రపోయాడు. ఇప్పుడేమో ఆ పాస్టరు ఫోనే ఎత్తడం లేదు.

ఎదురు బిల్డింగులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మేనల్లుడు దినేశ్‌కు ఫోన్ చేసి, వచ్చి కుర్చీలో కూర్చోమన్నాడు.

"క్లయింట్ కాల్‌ల ఉన్న మామా. సాయంత్రం వచ్చి గట్టిగ జై తెలంగాణ అంట."

"అను. టెంటు పీకినంక అను!"

అంతలో పుణ్యవతి ఆటో దిగింది. చందానగర్‌లో కర్రీ పాయింట్ నడుపుతుంది. నినాదాలిచ్చే వాళ్ళకు పగటిపూట తిండి ఆమే పెడుతోంది. ఆమెదీ ఆ చర్చే. తలకు నూనె రాసి నున్నగా దువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, పెళ్ళికి వచ్చినట్టు కళకళలాడుతోంది. నర్సయ్య మంట నెత్తికెక్కింది.

"మీ చర్చోళ్ళు ఏరి చెల్లె? ఉపాసం ఉండమంటే పులిహోర పట్టుకొచ్చినవా?"

"వీళ్ళు పొద్దుగాల సంది అరుస్తున్రు గదన్నా. ఆకలైతది."

"మీ ఏసయ్య అందరు చూస్తుండంగ సిలువెక్కిండు గద. మీకు కుర్చీ ఎక్కనీకి సిగ్గా?"

పుణ్యవతి నొచ్చుకోలేదు. "ఆయన పేరు కోసం ఎక్కలేదన్నా. తండ్రి మహిమ కోసం ఎక్కిండు."

"మహిమ గిహిమ నాకెరుక లేదు. నాకు కుర్చీల మనిషి గావాలె. నువ్వన్న కూసో."

"దండలేసుకొని కూసునుడు నాతోని గాదన్నా." పులిహోర విస్తట్లో పెట్టి అతని చేతికిచ్చింది. "ఉప్పు సరిపోయిందో లేదో జర చూడు."

"వండినదానివి, నువ్వు చూసుకోలేదా?"

ఆమె నవ్వి, పక్కవాళ్ళకు వడ్డించసాగింది. ఉప్పు ఎక్కువే అయింది. ఆ మాట విసురుగానే చెప్పాడు. అయినా ఆకలి రుచెరగదు కదా, మళ్ళీ పెట్టించుకున్నాడు.

జీపులోంచి ఇన్‌స్పెక్టర్ దిగడం కనబడింది. నర్సయ్య గబగబా మూతి తుడుచుకుని, తానే కుర్చీలో కూలబడి, తన దండ తానే వేసుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ ఎగాదిగా చూసి వెనక్కి పోయాడు. గండం గడిచింది గానీ కసి తీరలేదు. మైకు అందుకున్నాడు.

"ఆదివారం ఆదివారం త్యాగం, త్యాగం అని అరిచేటోళ్ళు, పనిబడితే ఒక్కరు రాలే!"

అందరూ చప్పట్లు కొట్టారు. పుణ్యవతి అక్కడే ఉంది, అంతా వింది. ఎండ దెబ్బేమో, కాసేపు టెంటు కర్ర పట్టుకుని నిలబడి, మళ్ళీ గరిటె అందుకుంది.

సాయంత్రం నిమ్మరసం తాగి, దండ తీసేసి, నర్సయ్య మళ్ళీ పాస్టరుకు ఫోన్ చేశాడు. ఈసారి ఎత్తాడు.

"మాట తప్పిన్రు పాస్టరుగారూ."

"తప్పలేదండి."

"గట్లయితే ఉపాసమున్న ఒక్కరి పేరు చెప్పున్రి. మైకుల చదువుత."

"చదవనంటేనే చెబుతానండి. మహిమ దేవునికి చెందాలి గానీ మనుషులకు కాదు."

"సరే, చదవ. చెప్పున్రి."



"మీరు టెంటు వేసిన నాటి నుంచీ మా సంఘంలో రోజుకొకరం పస్తుంటూనే ఉన్నామండి, ఇవాళ పచ్చి మంచినీళ్ళయినా ముట్టకుండా ఉన్నది మీకు వండి తెచ్చిన పుణ్యవతమ్మ."